పల్లె కౌంటీలో మీడియన్ హౌస్‌హోల్డ్ ఇన్‌కమ్ ఏళ్లవారీగా లెక్కగట్టడం ఎట్లా

గచ్చిబౌలి, మాదాపూర్ సైడు అమెరికా క్లయింట్లకి పనిచేసే అనలిస్టులకి ఎప్పుడో ఒకప్పుడు ఈ పని మీద పడుతుంది. "ఫలానా కౌంటీలో గత ముప్పై ఏళ్లలో మీడియన్ హౌస్‌హోల్డ్ ఇన్‌కమ్ ఎట్లా మారిందో ఒక చార్ట్ చేసి పంపండి" అని సాయంత్రం ఒక మెయిల్ వస్తుంది, చూడ్డానికి అరగంట పనిలాగే ఉంటది. కౌంటీ అంటే అమెరికాలో మన జిల్లా లాంటిది, లాస్ ఏంజెలెస్ లాంటి పెద్ద కౌంటీ అయితే నిజంగానే అరగంట. పదిహేను వేల జనాభా ఉన్న పల్లె కౌంటీ అయితే మాత్రం కథ వేరే, ఎందుకంటే అక్కడ ఆ నంబర్ ఏ ఏడాదికి ఆ ఏడాది ఎవరూ నేరుగా కొలవలేదు, ఉన్నవన్నీ అంచనాలే, అవి కూడా ఒక్కోటి ఒక్కో పద్ధతిలో ఒక్కో టైంకి వేసినవి. మస్తు మంది చేసేదేంటంటే దొరికిన నంబర్లన్నీ ఒకే కాలమ్‌లో వేసి ఎక్సెల్‌లో లైన్ చార్ట్ కొట్టేస్తారు. ఆ లైన్‌లో కనిపించే ఎత్తుపల్లాల్లో సగం అక్కడి జనం సంపాదనవి కావు, సోర్స్ మారినందుకు వచ్చినవి. ఆ తప్పు పడకుండా ఎట్లా చేయాలో చెప్తా.

ముందు మీడియన్ ఎందుకు, యావరేజ్ ఎందుకు కాదు అనేది మన దగ్గరి ముచ్చటతోనే తెలుస్తది. తెలంగాణలో తలసరి ఆదాయం లెక్కల్లో రంగారెడ్డి జిల్లా అందరికంటే పైన ఉంటది, కారణం మనకి తెలిసిందే, శేరిలింగంపల్లి మండలంలో ఉన్న గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల ఉత్పత్తి అంతా ఆ జిల్లా ఖాతాలోనే పడుతుంది. ఆ మొత్తాన్ని జిల్లా జనాభాతో భాగిస్తే వచ్చే అంకె చూసి యాచారంలో పత్తి వేసుకునే ఇంటికి కూడా అంత వస్తుందనుకుంటే ఎట్లా ఉంటది. మీడియన్ అయితే ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరుసలో నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్న ఇంటి ఆదాయం చెప్తుంది, పైన ఎవడు ఎన్ని కోట్లు సంపాదించినా అది కదలదు. మన జిల్లాలకి ఇట్లాంటి మీడియన్ ఏటా లెక్క వేసి ఇచ్చే వ్యవస్థ లేదు, అమెరికాలో ఉంది, అందుకే ఈ పని కనీసం చేయగలుగుతున్నాం.

ఇప్పుడు పని. ఉదాహరణకి మిసిసిపీ రాష్ట్రంలో హోమ్స్ కౌంటీ తీసుకుందాం. డెల్టా అంచున ఉంటుంది, 2010 సెన్సస్‌లోనూ 2020 సెన్సస్‌లోనూ జనాభా 20,000 లోపే. మొదటి పని పేరు వదిలేసి ఫిప్స్ కోడ్ పట్టుకోవడం, ఇది అయిదంకెల నంబర్, మొదటి రెండు రాష్ట్రానివి, తర్వాతి మూడు కౌంటీవి. మిసిసిపీ హోమ్స్‌ది 28051. ఎందుకంత పట్టుదల అంటారా, ఒహాయోలో ఒక హోమ్స్ కౌంటీ ఉంది, ఫ్లోరిడాలో ఇంకోటి ఉంది, పేరుతో వీలుకప్ (ఎక్సెల్‌లో వెతికి తెచ్చే ఫార్ములా) కొట్టారంటే ఒహాయోలో ఆమిష్ అనే పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవుల ఊళ్ల ఆదాయం తెచ్చి మిసిసిపీలో పెడతారు. ఇంకో చిన్న చికాకు, అలబామా లాంటి రాష్ట్రాల కోడ్ సున్నాతో మొదలవుతుంది, ఎక్సెల్ ఆ సున్నా మింగేస్తుంది, కాబట్టి ఫైల్ తెరిచేటప్పుడే ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని పెట్టుకోండి. కోడ్‌లు కూడా శాశ్వతం కాదు. సౌత్ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా అయింది, కోడ్ 46113 నుంచి 46102కి మారింది, ఇది తెలియకపోతే ఒక కౌంటీ మాయమైందని, ఇంకోటి కొత్తగా పుట్టిందని అనుకుంటారు. కనెక్టికట్‌లో అయితే 2022 డేటా నుంచి కౌంటీలే తీసేసి ప్లానింగ్ రీజియన్లు పెట్టారు, హద్దులు కూడా కలవవు. మీ కౌంటీ ఇట్లాంటి లిస్టులో ఉందో లేదో మొదట్లోనే చూసుకోండి.

రెండోది, హౌస్‌హోల్డ్ అంటే ఒకే ఇంట్లో ఉండే వాళ్లందరూ, చుట్టరికం ఉన్నా లేకపోయినా, ఒక్కరే ఉన్నా సరే. ఫ్యామిలీ అంటే చుట్టరికం ఉన్న ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది. ఫ్యామిలీ మీడియన్ సాధారణంగా హౌస్‌హోల్డ్ మీడియన్ కంటే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఒంటరిగా ఉండే ముసలివాళ్లు అందులోంచి పోతారు, పల్లె కౌంటీల్లో అట్లాంటివాళ్లు ఎక్కువ. పాత సెన్సస్ పుస్తకాల్లో, 1950, 60ల్లో, మీకు ఎక్కువగా దొరికేది ఫ్యామిలీ మీడియనే, దాన్ని తెచ్చి హౌస్‌హోల్డ్ లైన్‌కి అతికించకండి. జైళ్లు, హాస్టళ్లు, నర్సింగ్ హోములు హౌస్‌హోల్డ్ లెక్కలోకే రావు. అదే మిసిసిపీలో టలహాచీ కౌంటీలో పెద్ద ప్రైవేట్ జైలు ఉంది, అక్కడి ఖైదీలు మీడియన్ హౌస్‌హోల్డ్ ఇన్‌కమ్‌ని ముట్టుకోరు కానీ తలసరి ఆదాయం లెక్కలో మాత్రం జనాభా కింద లెక్కకొచ్చి దాన్ని కిందికి లాగుతారు. రెండు అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

సరే, నంబర్లు ఎక్కడివి. నాలుగు సోర్సులున్నాయి, ఒక్కోదాని గుణం తెలిస్తేనే ఎక్కడ వాడాలో తెలుస్తది.

పాత కాలానికి సెన్సస్ లాంగ్ ఫామ్. పదేళ్లకోసారి జనాభా లెక్కలప్పుడు కొన్ని ఇళ్లకి పొడుగు ఫారం ఇచ్చి ఆదాయం అడిగేవాళ్లు. 2000 సెన్సస్‌లో సగటున ఆరిళ్లకి ఒకటి చొప్పున అడిగారు, చిన్న ఊళ్లలో ఇంకా ఎక్కువ ఇళ్లనే అడిగారు, కాబట్టి పల్లె కౌంటీకి ఇది ఉన్నవాటిలో గట్టి నంబర్. ఒకటే మెలిక, ఏప్రిల్‌లో అడిగేది వెనకటి ఏడాది ఆదాయం. 2000 సెన్సస్ నంబర్ 1999 ఆదాయం, 1990ది 1989, 1980ది 1979, 1970ది 1969. చార్ట్‌లో 2000 దగ్గర చుక్క పెట్టేవాళ్లని చాలామందిని చూశా, ద్రవ్యోల్బణం సర్దేటప్పుడు ఆ ఒక్క ఏడాది తేడా బాగానే కొడుతుంది, 1979, 80 మధ్య అయితే మరీనూ. 2010 నుంచి లాంగ్ ఫామ్ ఎత్తేశారు. ఈ పాత టేబుళ్లు మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ల ఎన్‌హెచ్‌జీఐఎస్‌లో ఫ్రీగా దొరుకుతాయి, అకౌంట్ తెరుచుకుంటే చాలు.

లాంగ్ ఫామ్ స్థానంలో వచ్చింది అమెరికన్ కమ్యూనిటీ సర్వే, ఏసీఎస్. ఏటా 35 లక్షల దాకా అడ్రసులకి వెళ్తారు, వినడానికి పెద్దగా ఉంది కానీ దేశమంతా పంచితే చిన్న కౌంటీకి వచ్చేది గుప్పెడు ఇళ్లే. అందుకే మామూలు ఒక్క ఏడాది అంచనా 65,000 జనాభా దాటిన చోట్లకే ఇస్తారు. 20,000 దాటిన వాటికి మూడేళ్ల అంచనా అని ఒకటి ఉండేది, 2011–2013తో ఆపేశారు. మన హోమ్స్ కౌంటీకి ఇప్పుడు దిక్కు అయిదేళ్లది మాత్రమే, మొదటిది 2005–2009. కావాల్సిన టేబుల్ బీ19013, అందులో అంచనా ఒకటి, అది అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ఒకటి ఉంటాయి, రెండూ దింపుకోండి. మార్జిన్ లేకుండా అంచనా ఒక్కటే దింపుకోవడం అంటే సగం డేటా పారేసుకోవడమే. ఏపీఐ నుంచి, అంటే ప్రోగ్రామ్ రాసి సెన్సస్ సర్వర్ నుంచి నేరుగా లాగితే అక్కడక్కడా మైనస్ 666666666 అని కనిపిస్తది, అది ఎవరి అప్పూ కాదు, శాంపిల్ చాలక లెక్క వేయలేదని గుర్తు, దాన్ని ఖాళీగా మార్చకపోతే మీ యావరేజులన్నీ పాతాళానికి పోతాయి.

మూడోది సైప్. చిన్న ప్రాంతాల ఆదాయం, పేదరికం అంచనా వేసే సెన్సస్ బ్యూరో ప్రోగ్రామ్ ఇది, పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లకి ఇచ్చే టైటిల్ వన్ నిధులు పంచడానికి దీని పేదరికం అంకెలు వాడతారు. దాదాపు కౌంటీలన్నిటికీ, చిన్నవాటికి కూడా, ఒక్కో ఏడాదికి మీడియన్ హౌస్‌హోల్డ్ ఇన్‌కమ్ ఇస్తుంది. 1989, 1993, 1995కి ఉన్నాయి, 1997 నుంచి ఏటా ఉన్నాయి. ఎట్లా ఇస్తారంటే సర్వే అంచనా ఒక పక్క, ట్యాక్స్ రిటర్నులు, పాత సెన్సస్ లాంటి వాటితో కట్టిన మోడల్ అంచనా ఇంకో పక్క పెట్టుకుని రెండింటినీ కలుపుతారు, సర్వే ఎంత నమ్మకంగా ఉంటే దానికంత బరువు. చిన్న కౌంటీలో సర్వే బలహీనం కాబట్టి ఎక్కువ బరువు మోడల్‌దే. దీనివల్ల ఏటేటా పిచ్చిగా ఎగరదు, అది లాభం. కానీ ఆ కౌంటీలో మాత్రమే జరిగిన విచిత్రం ఏదైనా ఉంటే మోడల్ దాన్ని కొంచెం చదును చేసేస్తుంది, అది నష్టం. ఇంకో ముఖ్యమైన సంగతి, 2004 దాకా సర్వే భాగం సీపీఎస్ (కరెంట్ పాపులేషన్ సర్వే) అనే వేరే సర్వేది, 2005 నుంచి ఏసీఎస్‌ది. అంటే అదే పేరుతో ఉన్నా 2004కీ 2005కీ మధ్య ఒక అతుకు ఉంది. ఆ ఏడాది మీ చార్ట్‌లో ఒక నిలువు గీత కొట్టండి, దాటి మాట్లాడేటప్పుడు జాగ్రత్త పడండి.

సైప్‌ని దింపుకోవడానికి తేలిక దారి ఫ్రెడ్ అనే డేటా సైటు, సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ వాళ్లది. సిరీస్ పేరు కట్టే పద్ధతి తెలిస్తే వెతకక్కర్లేదు, ఎంహెచ్ఐ అని మొదలు, తర్వాత రాష్ట్రం రెండక్షరాలు, ఆ తర్వాత ఫిప్స్ అయిదంకెలు, చివర ఏ052ఎన్‌సీఈఎన్. మిసిసిపీకి ఎంఎస్, హోమ్స్‌కి 28051 పెడితే సిరీస్ వచ్చేస్తుంది. యాభై కౌంటీలు కావాలంటే యాభై పేర్లు ఎక్సెల్‌లో కలిపి తయారు చేసుకోవచ్చు. 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు అంకె ఉండే అవకాశమున్న పరిధి) పై హద్దు, కింది హద్దు సెన్సస్ బ్యూరో సైప్ ఫైళ్లలోంచి తీసుకోండి, అవి లేకుండా రిపోర్ట్ పంపకండి.

నాలుగోది బీఈఏ (బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్) వాళ్ల తలసరి వ్యక్తిగత ఆదాయం, 1969 నుంచి ఏటా దాదాపు ప్రతి కౌంటీకి ఉంటుంది. ఇది యావరేజ్, మీడియన్ కాదు, పైగా ఆదాయం అనే మాటకి అర్థమే వేరు. ముసలివాళ్లకీ పేదలకీ ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమాలు మెడికేర్, మెడికెయిడ్, ఇంకా ఫుడ్ స్టాంపుల విలువ కూడా ఇందులో పడుతుంది, సెన్సస్ లెక్కలో పడదు, అక్కడ చేతికొచ్చే డబ్బే లెక్క, అదీ ట్యాక్స్ కట్టకముందు. దీన్ని మీడియన్ బదులు వాడొద్దు, కానీ మీడియన్ లేని ఏళ్లలో దారి చూపించడానికి బాగా పనికొస్తుంది, అది కింద చెప్తా.

ఇన్ని ఉన్నాక ఏది వాడాలి అంటే నా పద్ధతి ఇది. 1997 నుంచి ఇటు ఏటేటా లైన్ కావాలంటే సైప్ ఒక్కటే లైన్‌గా గీయండి. సెన్సస్ లాంగ్ ఫామ్ నంబర్లు 1969, 1979, 1989, 1999 దగ్గర విడి చుక్కలుగా పెట్టండి, లైన్‌తో కలపకండి. ఏసీఎస్ అయిదేళ్ల నంబర్లని చుక్కగా కాకుండా అడ్డంగా అయిదేళ్ల పొడవున్న గీతలుగా వేయండి, ఎందుకంటే 2019–2023 అంచనాని 2023 అని రాస్తే అబద్ధం, అది ఆ అయిదేళ్లూ కలిపి సేకరించిన ఇళ్ల మీడియన్, నడిమి ఏడాది 2021. మూడు సోర్సులు ఒకే చార్ట్‌లో మూడు గుర్తులతో కనిపిస్తే చూసేవాడికి ఏవి కలుస్తున్నాయో ఏవి కలవట్లేదో ఒక్క చూపులో తెలిసిపోతది. కలిస్తే మీ లైన్ మీద నమ్మకం పెరుగుతుంది, కలవకపోతే ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. క్లయింట్ "ఒకే లైన్ కావాలి" అని పట్టుబడితే సైప్ లైన్ ఇచ్చి మిగతావి అనుబంధంలో పెట్టండి, అంతేగాని 1999 దాకా సెన్సస్, 2009 నుంచి ఏసీఎస్, మధ్యలో సైప్ అని కుట్టిన బొంత మాత్రం ఇవ్వకండి.

ఇప్పుడు డాలర్ల సంగతి. ఇక్కడే ఎక్కువ మంది పడతారు. సైప్ నంబర్ ఆ ఏడాది డాలర్లలోనే ఉంటుంది. లాంగ్ ఫామ్ నంబర్ కూడా ఆ ఆదాయం ఏడాది డాలర్లలోనే. ఏసీఎస్ అయిదేళ్లది మాత్రం బ్యూరో వాళ్లే చివరి ఏడాది డాలర్లలోకి మార్చి ఇస్తారు, అంటే 2005–2009ది ఇప్పటికే 2009 డాలర్లు, దాన్ని 2007 అనుకుని మళ్లీ సర్దారంటే రెండుసార్లు సర్దినట్టు. అన్నిటినీ ఒకే ఏడాదికి తేవాలి, 2023 అనుకుందాం. దానికి వాడేది సీపీఐ-యూ, అంటే పట్నాల వినియోగదారుల ధరల సూచీ, దాని ఏడాది సగటు 1989లో 124.0, 1999లో 166.6, 2009లో 214.537, 2019లో 255.657, 2023లో 304.702. 1999లో మీడియన్ 20,000 డాలర్లు అనుకుంటే 304.702ని 166.6తో భాగించి గుణిస్తే 36,579 వస్తుంది. అంటే 2023లో ఆ కౌంటీ మీడియన్ 35,000 అని చూసి "అబ్బో, 15,000 పెరిగింది" అనుకున్నది నిజానికి తగ్గుదల. మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌ని కూడా అదే గుణకంతో గుణించాలి, అంచనా ఒక్కటే మార్చి మార్జిన్ పాతదే వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. 1990లకి ముందు వెళ్తున్నారంటే సీపీఐ-యూ కంటే సీపీఐ-యూ-ఆర్ఎస్ అనేది వాడండి, లెక్కింపు పద్ధతులు మధ్యలో మారాయి, సీపీఐ-యూ పాత అంకెల్ని వెనక్కెళ్లి దిద్దరు, ఆర్ఎస్‌లో ఇప్పటి పద్ధతినే వెనక్కి 1978 దాకా వర్తింపజేసి ఇస్తారు. ఏది వాడినా ఫర్లేదు, ఏది వాడారో చార్ట్ కింద రాయండి, మధ్యలో మార్చకండి.

పెరిగిందా తగ్గిందా అనే ప్రశ్నకి నంబర్లు పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోదు. ఏసీఎస్ మార్జిన్ 90 శాతం నమ్మకానిది, దాన్ని 1.645తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్, అంటే శాంపిల్ వల్ల వచ్చే తేడా కొలత వస్తుంది. లెక్క కోసం ఊహించి చెప్తున్నా, మొదటి కాలంలో 28,000 అంచనా, మార్జిన్ 3,300, రెండో కాలంలో 31,000 అంచనా, మార్జిన్ 4,100, రెండూ ఒకే ఏడాది డాలర్లలోనే. స్టాండర్డ్ ఎర్రర్లు 2,006, 2,492. ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 3,199. తేడా 3,000, దాన్ని 3,199తో భాగిస్తే 0.94. ఇది 1.645 దాటితేనే మార్పు నిజంగా ఉందని అనొచ్చు. దాటలేదు. పది శాతం పైన పెరిగినట్టు కనిపిస్తున్నా పెరిగిందని రాయలేం, తగ్గిందని అసలే రాయలేం. క్లయింట్‌కి ఇది నచ్చదు, అయినా రాయాల్సిందే. ఈ లెక్క వేసేటప్పుడు కాలాలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. 2018–2022ని 2019–2023తో పోలిస్తే అయిదింట నాలుగేళ్ల ఇళ్లు రెండింటిలోనూ అవే, తేడా అంతా ఒక పాత ఏడాది పోయి కొత్త ఏడాది వచ్చినందుకే. 2009–2013, 2014–2018, 2019–2023 ఇట్లా విడివిడిగా ఉన్నవి తీసుకోండి. 2020ని కూడా గుర్తుపెట్టుకోండి, కోవిడ్ వల్ల సర్వేకి జవాబులు సరిగ్గా రాక ఆ ఏడాది ఒక్క ఏడాది ఏసీఎస్‌ని మామూలుగా విడుదల చేయలేదు, ప్రయోగాత్మకం అని పేరు పెట్టి ఇచ్చారు, ఆ ఏడాది ఇళ్లు మీ అయిదేళ్ల లెక్కలో కూడా ఉంటాయి.

మార్జిన్ మరీ పెద్దగా ఉంటే పక్క కౌంటీలు కలుపుకోవడం ఒక దారి. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, మీడియన్లని యావరేజ్ చేయకూడదు, ఇళ్ల సంఖ్యతో బరువు ఇచ్చినా సరే. బీ19001 టేబుల్ తీసుకోండి, అందులో ఆదాయం 16 మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టులో ఎన్ని ఇళ్లో ఉంటాయి. మూడు కౌంటీల ఇళ్లని మెట్టుకి మెట్టు కూడండి. మొత్తం 12,000 ఇళ్లు వచ్చాయనుకోండి, సగం 6,000. కింది నుంచి కూడుకుంటూ వస్తే 35,000 డాలర్ల లోపు 5,640 ఇళ్లు అయ్యాయి, తర్వాతి మెట్టు 35,000 నుంచి 39,999, అందులో 900 ఇళ్లు. ఇంకా 360 ఇళ్లు కావాలి, 360ని 900తో భాగిస్తే 0.4, మెట్టు వెడల్పు 5,000, కాబట్టి 2,000 కలిపితే 37,000. అదే మీ ఉమ్మడి మీడియన్. మెట్టులోపల ఇళ్లు సమానంగా పరుచుకుని ఉన్నాయని అనుకుంటున్నాం, 50,000 లోపు మెట్లు సన్నగానే ఉంటాయి కాబట్టి పెద్ద తప్పు పోదు, 75,000 నుంచి 99,999 లాంటి వెడల్పు మెట్టులో పడితే మాత్రం కొంచెం అనుమానంగా చూడండి. కౌంటీలు కలిపేటప్పుడు ఒకే రకం బతుకు ఉన్నవి కలపండి, పక్కనే ఉంది కదా అని యూనివర్సిటీ టౌన్ ఉన్న కౌంటీని పత్తి పొలాల కౌంటీతో కలిపితే వచ్చే మీడియన్ రెండు ఊళ్లదీ కాదు.

ఇక మీడియన్ లేని ఏళ్లు. 1989కి ఉంది, 1999కి ఉంది, మధ్యలో 1994 కావాలి అనుకుందాం. రెండు చుక్కలకి స్కేలు పెట్టి గీత గీస్తే మధ్యలో వచ్చిన కరువులు, ఫ్యాక్టరీ మూతలు ఏవీ కనపడవు. అందుకని బీఈఏ తలసరిని తోడు తీసుకోండి. మళ్లీ ఊహ నంబర్లే, 1989లో మీడియన్ 14,000, తలసరి 10,000, నిష్పత్తి 1.4. 1999లో మీడియన్ 20,000, తలసరి 16,000, నిష్పత్తి 1.25. మధ్య ఏడాది నిష్పత్తి 1.325 అనుకోండి. 1994 తలసరి 12,800 ఉంటే మీడియన్ అంచనా 16,960. నిష్పత్తి ఎందుకు తగ్గుతూ వస్తుందంటే ఇంటికి ఉండే మనుషులు తగ్గుతున్నారు, మెడికేర్ లాంటివి బీఈఏ లెక్కలో పెరుగుతున్నాయి, ఈ రెండూ మెల్లగా జరిగేవి కాబట్టి నిష్పత్తిని సరళంగా జరపడం సబబే. వచ్చినదాన్ని సైప్ 1993, 1995 నంబర్లతో పోల్చి చూడండి, మధ్యలో ఎక్కడో పడితే సరే, దూరంగా పడితే ఆపి ఎందుకో చూడండి. చాలాసార్లు కారణం వ్యవసాయం. పంట బాగా పండిన ఏడాది, లేకపోతే ప్రభుత్వం ఒకేసారి సాయం కుమ్మరించిన ఏడాది, వ్యవసాయ ఆదాయం దూకుతుంది, పెద్ద పెద్ద కమతాలు ఉన్న కొద్దిమంది రైతుల వల్ల తలసరి లేస్తుంది, మీడియన్ ఇల్లు ఏ స్కూల్లోనో, చికెన్ ప్లాంట్‌లోనో జీతానికి పనిచేసేది, దానికి ఒక్క డాలర్ కూడా కదలదు. అట్లాంటి కౌంటీల్లో బీఈఏ మొత్తంలోంచి వ్యవసాయ ఆదాయం తీసేసి తలసరి కట్టుకోండి, లేదంటే మూడేళ్ల సగటు వాడండి. ఇట్లా నింపిన ఏళ్లని చార్ట్‌లో చుక్కల గీతగా వేయండి, అసలు అంచనాలతో ఒకే రంగులో వేయొద్దు.

అన్ని లెక్కలూ కుదిరాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది, పెరిగింది ఎవరి ఆదాయం. నార్త్ డకోటాలో మెకెంజీ కౌంటీ చూడండి, 2000లో జనాభా 5,737, 2010లో 6,360, 2020లో 14,704. కారణం బాకెన్ అనే అక్కడి రాతి పొరల్లో చమురు తవ్వకాలు ఊపందుకోవడం, ఆయిల్ బూమ్. మీడియన్ లేచిందంటే పాత ఇళ్లన్నీ బాగుపడ్డాయని కాదు, మధ్యలో నిలబడ్డ ఇల్లే మారిపోయింది, కొత్తగా వచ్చిన రిగ్ పనివాళ్లు వరుసలో పైన చేరారు, అద్దెలు కట్టలేని కొందరు వరుసలోంచే వెళ్లిపోయారు. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది, కుర్రవాళ్లు పట్నాలకి పోయి ముసలివాళ్లు మిగిలిన కౌంటీలో ఎవరి జీతం తగ్గకపోయినా మీడియన్ దిగుతుంది. మన పాలమూరు పల్లెల నుంచి వలస పోయినోళ్లు తెలిసిన వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే ఆదాయం కాలమ్ పక్కనే మూడు కాలమ్స్ ఎప్పుడూ పెట్టుకోండి, మొత్తం ఇళ్ల సంఖ్య, ఇంటికి సగటు మనుషులు, 65 దాటిన వాళ్ల వాటా. ఇళ్ల సంఖ్య బాగా మారిన చోట ఆదాయం మార్పుని "అక్కడి కుటుంబాలకి" అంటగట్టకుండా "ఆ కౌంటీలో ఉన్న ఇళ్లకి" అని రాయండి. బూమ్ ఉన్న చోట అయిదేళ్ల ఏసీఎస్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది, లేచేటప్పుడు తక్కువ చూపిస్తుంది, పడేటప్పుడు ఎక్కువ చూపిస్తుంది, అక్కడ సైప్‌నీ, ఇళ్ల సంఖ్యనీ ఎక్కువ నమ్మండి.

రిపోర్ట్‌లో వాక్యం ఎట్లా రాయాలంటే, "2023 డాలర్లలో, సైప్ ప్రకారం ఈ కౌంటీ మీడియన్ ఇంత, 90 శాతం హద్దులు ఇంత నుంచి ఇంత" అని. పూర్తి అంకె 34,867 లాగా ఇవ్వకుండా వందలకి సర్దండి, మార్జిన్ మూడు వేలున్నప్పుడు చివరి 67కి అర్థం లేదు. ఏటేటా "ఈసారి 1.8 శాతం పెరిగింది" లాంటివి చిన్న కౌంటీకి రాయనే వద్దు, అయిదేళ్లకీ పదేళ్లకీ పోలిక రాయండి. మరీ చిన్న వింత కౌంటీ మీకు తగిలితే, ఉదాహరణకి టెక్సస్‌లో లవింగ్ కౌంటీ జనాభా 2020 సెన్సస్‌లో 64, అట్లాంటి చోట మీడియన్ అనే మాటే ఎత్తకుండా చుట్టుపక్కల కౌంటీలతో కలిపి ఇచ్చేయండి.

ఫైల్ దాచుకునేటప్పుడు ఒక్కో నంబర్‌కి ఒక్కో వరస పెట్టండి, ఫిప్స్, సోర్స్, ఆదాయం ఏ ఏడాదిది లేక ఏ ఏళ్లవి, ఏ ఏడాది డాలర్లు, అంచనా, కింది హద్దు, పై హద్దు, దింపుకున్న తేదీ. సర్దిన నంబర్‌ని పాతదాని మీద రాయకండి, పక్క కాలమ్‌లో ఫార్ములాగా ఉంచండి, సీపీఐ ఒక సెల్‌లో పెట్టి అన్నీ దాన్నే చూసేట్టు చేయండి. సైప్ కొత్త ఏడాది మామూలుగా డిసెంబర్‌లో వస్తుంది, అప్పుడు చివరన ఒక్క వరస అతికించి ఊరుకోకుండా బేస్ ఏడాది సెల్ మార్చండి, పాత వరసలన్నీ వాటంతటవే కొత్త డాలర్లలోకి మారిపోతాయి, చార్ట్ కింద "2023 డాలర్లలో" అని రాసిన మాట కూడా మర్చిపోకుండా మార్చండి.